రెండు ఆగస్టుల డైరీ

మా పెద్దమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె కోపం గురించి చెప్పాలి. ఎవరికైనా ముందు పరిచయమయ్యేది అదే. బైండింగు షాపులో ఆమెను అందరూ దబ్బనం అంటారు. పేరు రెండు విధాలా సరిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె చేతిలో దబ్బనం లేని రోజు లేదు, ఆమె మాట ఎవరికో ఒకరికి గుచ్చుకోని రోజూ లేదు. నేను ఆమె చెల్లెలి కూతుర్ని. అదే షాపులో నాదీ పని. ఆమె కోపంలో నాకూ వాటా వచ్చిందని మా అమ్మ అంటుంది. వచ్చే ఉంటుంది, ఎందుకంటే ఈ సంగతి చల్లగా చెప్పడం నా వల్ల కాదు.

మా షాపులో రసీదు పుస్తకాలూ బడి రికార్డులూ కూడా కుడతాం గానీ, అసలు పని కొత్త సంవత్సరం డైరీలది. జూలైలో మొదలైతే డిసెంబరు దాకా ఊపిరి సలపదు. మా డైరీలో నెలకొక ఫారం. పెద్ద కాగితాన్ని మడతపెడితే ముప్పై రెండు పేజీలవుతాయి, అందులో ఒక నెల పడుతుంది. ఆ ఫారాలను పొడవాటి బల్ల మీద నెలల వరసలో దొంతరలుగా పెడతారు. నాలాంటి వాళ్లం బల్ల పక్కనే నడుస్తూ దొంతరకొకటి ఏరుకుంటూ పోతాం. బల్ల చివరికి చేరేసరికి చేతిలో ఒక ఏడాది ఉంటుంది. దాన్ని పెద్దమ్మ కుడుతుంది. డైరీ మొదట్లో ‘ఈ ఏడాది నా లక్ష్యాలు’ అని ఒక పేజీ ఉంటుంది. ఒక పక్క వ్యక్తిగతం, ఒక పక్క వ్యాపారం, కింద ఖాళీ గీతలు. ఆ పేజీ మడత నొక్కేటప్పుడల్లా పెద్దమ్మ అనేది, ఇన్ని లక్షల మంది లక్ష్యాలు నా బొటనవేలి కింద నలిగాయి, అందులో నాది ఒక్కటీ లేదని. నవ్వుతూనే అనేది. నేనూ నవ్వేదాన్ని.

షాపు ఇప్పుడు చిన్న ఓనరుది. పెద్దాయన మంచాన పడ్డాక కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. చిన్నప్పుడు ఇతను బడి నుంచి వచ్చి మా బల్ల కిందే ఆడుకునేవాడట. కత్తిరింపు ముక్కలతో పెద్దమ్మ అతనికి అరచేయంత పుస్తకాలు కుట్టి ఇచ్చేది. అప్పట్లో ‘ఒరేయ్, నువ్వు’ అన్న మనిషి, అతను కుర్చీ ఎక్కిన రోజు నుంచి ‘బాబూ, మీరు’ అనడం మొదలుపెట్టింది. అతను ఆమెను ఆంటీ అంటాడు. అంతా బాగానే ఉండేది. ఇంతలో అతను ఎక్కడికో వెళ్లి మూడు రోజుల శిక్షణ తీసుకుని వచ్చాడు. ఇక నోరు తెరిస్తే లక్ష్యం. టీ ఆలస్యమైతే లక్ష్యం దెబ్బతింటుంది, ఫ్యాను తిరక్కపోతే లక్ష్యం దెబ్బతింటుంది. వినీ వినీ మాకు చెవులు చిల్లులు పడ్డాయి.

ఆ ఏడు జనవరి మొదటి తేదీన మా పదకొండు మందినీ నిలబెట్టి, తలా ఒక డైరీ చేతిలో పెట్టాడు. మేం పొంగిపోయాం. ఎన్నో ఏళ్లుగా డైరీలు కుడుతున్నాం గానీ ఒక్కటీ మా ఇంటికి వెళ్లింది లేదు. తెరిచి చూస్తే అన్నీ రద్దులు. కుట్టులో తప్పొచ్చి అమ్మకానికి పనికిరాని వాటిని మా దగ్గర రద్దు అంటారు. వీటిలో ఆగస్టు రెండుసార్లు ఉంది, సెప్టెంబరు లేనే లేదు. కొనేవాళ్లకు పన్నెండు నెలలున్న డైరీ, కుట్టినవాళ్లకు ఒక నెల పోయిన డైరీ. అప్పుడే చిన్న ఓనరు మొహాన కొట్టి వచ్చి ఉంటే పోయేది.

కొట్టడానికి నాకు మొహం లేదు. ఆ తప్పు నాదే. కిందటి సీజనులో ఒక మధ్యాహ్నం సెప్టెంబరు దొంతర అయిపోతే లోపలికి వెళ్లి కట్ట తెచ్చాను. తెచ్చింది ఆగస్టు కట్ట. చూడకుండా తాడు విప్పి సెప్టెంబరు స్థానంలో పెట్టేశాను. నలభై డైరీలు అలా కుట్టయిపోయాక గానీ బయటపడలేదు. ఎవరు చేశారని ఓనరు అడిగితే అందరితో పాటు నేనూ నేల చూశాను. ఆ రోజు నోరు విప్పనందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

డైరీలు పంచాక చిన్న ఓనరు చెప్పాడు, తేదీ లేనిది లక్ష్యం కాదట, ఉత్త కలట. అందుకని సొంతానికి ఒకటి, వ్యాపారానికి ఒకటి మొదటి పేజీలో రాసి, ఏ రోజుకు సాధిస్తామో ఆ తేదీ పేజీలో మళ్లీ రాయాలట, అతను సంతకం పెడతాడట. కటింగు మర దగ్గరి ఆయన పొట్ట తగ్గించుకుంటానని రాశాడు. జిగురు పూసే ఆవిడ సైకిలు నేర్చుకుంటానని రాసింది. పెద్దమ్మ చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. తర్వాత వ్యక్తిగతం కింద ‘మా ఇంటి ముందు గదిలో నా సొంత బైండింగు’ అనీ, వ్యాపారం కింద ‘ఒక్క రద్దు కూడా లేని నెల’ అనీ రాసింది. ఆ ముందు గది మాట ఆమె నోట అంతకుముందు నేను ఎన్నడూ వినలేదు.

చిన్న ఓనరు అది పైకి చదివి, రెంటినీ ముడిపెడదాం అన్నాడు. షాపు వెనక పాత నొక్కుడు మర ఒకటి పడి ఉంది. కింద ఒక ఇనప పలక, పైన ఒకటి, నడుమ లావుపాటి మరచుట్ల కడ్డీ, నెత్తిన తిప్పే చక్రం. కుట్టి జిగురు పూసిన పుస్తకాన్ని అందులో బిగించి ఆరనిస్తేనే కుట్టు పడిన వైపు, అంటే వీపు, కుదురుకుంటుంది, లేకపోతే ఉబ్బిపోతుంది. ఆ మర ఉంటే ముందు గదిలో బైండింగు పెట్టొచ్చు, లేకపోతే పెట్టలేరు, అంతే. కొత్త మర వచ్చినప్పుడు పెద్దాయన, ఎప్పటికైనా ఇది నీదేనమ్మా అని నోటి మాటగా అన్నాడట. ఇప్పుడు కొడుకు అందరి ముందూ అన్నాడు.

“సెప్టెంబరు నెల మొత్తంలో ఒక్క రద్దు రాకుండా చూడండి ఆంటీ. ముప్పయ్యో తేదీ దాటగానే ఆ మర మీ ఇంటికి పంపిస్తాను.”

అందరం చప్పట్లు కొట్టాం. పెద్దమ్మ తేదీ పేజీలో రాద్దామని సెప్టెంబరు వెతికింది. లేదు. ఆ మాటే చెప్పింది. అతను పేజీలు తిప్పి చూసి తనే నవ్వి, “రెండో ఆగస్టులో రాసేయండి, అదే సెప్టెంబరు అనుకుందాం” అన్నాడు. ఆమె రెండో ఆగస్టులో ముప్పయ్యో తేదీ కింద రాసింది. అతను సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రమే పెదనాన్న మర కొలతలు అడిగి తెలుసుకున్నాడు. బడి బస్సు నడిపే మనిషి, రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. ముందు గదిలోంచి తన మంచం తీసి నడవాలో వేసుకున్నాడు. మర నాలుగు కాళ్లు ఎక్కడ వస్తాయో టేపు పెట్టి కొలిచి, నేల మీద సుద్దతో చదరం గీశాడు. అది చెరిగిపోతే మళ్లీ గీసేవాడు. తొమ్మిది నెలల పాటు ఆ ఇంట్లో ఎవరూ ఆ చదరం తొక్కలేదు. నేను వెళ్లినా గోడ వారగా నడిచేదాన్ని.

జూలైలో డైరీల పని మొదలైంది. కొత్తగా చేరినవాళ్ల చేతి తడబాటుతో ఆగస్టులో డెబ్బై రెండు రద్దులు వచ్చాయి. పెద్దమ్మకు అన్నం సయించలేదు. ఒక రోజు కుట్టు ఆపేసి ఫారాల మడతల వైపే చూస్తూ కూర్చుంది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఫారాలు అచ్చువేసే చోటికి వెళ్లింది. ప్రతి ఫారం మడత మీద చిన్న నల్ల గీత ఒకటి వేయాలి, జనవరికి అన్నిటికంటే పైన, ఫిబ్రవరికి దానికి కాస్త కింద, అలా డిసెంబరు దాకా అని అడిగింది. అచ్చాయన కుదరదన్నాడు. నాలుగుసార్లు తిరిగాం. నాలుగోసారి ఆమె ఆయన యంత్రం పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది, వేసేదాకా లేవనంది. ఆమె నోటికి జడిసి వేశాడు.

అంతే. ఫారాలు ఏరి వీపు వైపు చూస్తే గీతలన్నీ మెట్ల వరసలా దిగుతాయి. ఒక నెల తప్పితే మెట్టు విరుగుతుంది. రెండుసార్లు పడితే పక్కపక్కన రెండు గీతలు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. అయిదడుగుల దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది, పేజీలు తిప్పక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ ఓనరుకూ, ఏ శిక్షణ ఇచ్చినవాడికీ తట్టని ఉపాయం. సెప్టెంబరులో ఒక్క రద్దు రాలేదు. ఆఖరి కట్ట చూడటం అయ్యాక కటింగు మర ఆయన ఈల వేశాడు. పెద్దమ్మ ఆయన్ని కసిరింది గానీ మొహం వెలిగిపోతూ ఉంది.

అక్టోబరు మొదటి తేదీ పొద్దున్నే డైరీ పట్టుకుని ఓనరు గదికి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. లోపల, షాపు ముందు హాలును అలంకరించడానికి పిలిపించిన మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ వారం అంతా అతను షాపు తిరిగి చూస్తూనే ఉన్నాడు, వెనక పడి ఉన్న మర దగ్గర ఆగి ఫోటోలు తీయడం నేను కళ్లారా చూశాను. అతన్ని అక్కడ చూడగానే ఆ ఫోటోలు గుర్తొచ్చాయి. చిన్న ఓనరు డైరీ తీసుకుని ఆ పేజీ తిప్పాడు. జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

“ఇక్కడ ఆగస్టు ముప్పై అని ఉంది కదా ఆంటీ.”

“అది రెండో ఆగస్టు బాబూ. సెప్టెంబరు అనుకుందామని మీరే అన్నారు.”

“అనుకోవడం వేరు, రాసుకోవడం వేరు. కాగితం మీద ఏముంటే అదే. ఆగస్టులో డెబ్బై రెండు రద్దులు వచ్చాయి. తేదీ జరిపితే ఇక లక్ష్యానికి విలువేముంటుంది? వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకుందాం.”

నా ఒళ్లు మండిపోయింది. మాకు తప్పుడు డైరీ ఇచ్చింది అతను, అందులో రాయమన్నది అతను, సంతకం అతనిది. ఇప్పుడు తప్పు పేజీలో రాసిన నేరం పెద్దమ్మది. నేనేదో అనబోతే ఆమె నా చెయ్యి నొక్కి పట్టి బయటికి తీసుకొచ్చింది. ఆ రోజంతా ఎవరినీ ఒక్క మాట అనలేదు. దబ్బనం నోరు మూసుకుంటే షాపులో ఎవరికీ పని సాగలేదు. ఆమె తిట్టినా బాగుండేదని జిగురు పూసే ఆవిడ అంది.

సాయంత్రం ఇద్దరం నడిచి వెళ్తుంటే నేను ఆపుకోలేకపోయాను. ఆ నలభై డైరీలూ నా వల్లే పాడయ్యాయని, నేను కట్ట చూసి తెచ్చి ఉంటే నీ డైరీలో సెప్టెంబరు ఉండేదని, మర ఈపాటికి ఇంట్లో ఉండేదని చెప్పేశాను. ఆమె నడక ఆపకుండానే అంది.

“అప్పుడే తెలుసు. ఆ వరసలో ఏరింది నువ్వు కాక ఇంకెవరు? నువ్వు చూడక చేశావు. వాడు చూసి చేశాడు. రెంటినీ ఒక గాటన కట్టకు.”

ఇంటికి వెళ్లాక పెదనాన్న సంగతి విని, తడిగుడ్డ తెచ్చి సుద్ద గీతలు తుడవబోయాడు. ఆమె తుడవనివ్వలేదు.

డిసెంబరుకల్లా ముందు హాలు తయారైంది. గుమ్మం ఎదురుగా, మా పాత మర. తళతళలాడే బంగారు రంగు వేశారు, చక్రానికీ పలకలకీ చివరికి మరచుట్లకీ కూడా. పలకల మధ్య గాజు పూలకుండీ పెట్టారు. వెనక గోడకు పెద్ద బోర్డు: ‘సున్నా రద్దు — అనుకున్నాం, సాధించాం’. కింద చిన్న ఓనరు నవ్వు మొహం ఫోటో. మెట్ల గీతల గురించి వ్యాపారుల సమావేశంలో మాట్లాడి చప్పట్లు కొట్టించుకుని వచ్చాడట. పెద్దమ్మ రోజూ ఆ బోర్డు ముందు నుంచే లోపలికి వెళ్లి, కూర్చుని కుట్టేది. నేనైతే అటు చూడకుండా తల తిప్పుకుని నడిచేదాన్ని.

మళ్లీ జనవరి మొదటి తేదీ వచ్చింది. మళ్లీ మమ్మల్ని ఆ హాల్లో నిలబెట్టాడు. ఈసారి డైరీలు లేవు. ఆగస్టు నాటి రద్దులు ఎప్పుడో తూకానికి పోయాయి, ఆ తర్వాత రద్దులు లేవు కాబట్టి మాకు ఇవ్వడానికి డైరీలు లేవట. మా లక్ష్యాలు చీటీల మీద రాసి ఇవ్వాలట. నవ్వుతూ చెప్పాడు, అందులో తప్పేమిటో అతనికి తెలియను కూడా తెలియలేదు. నాకు దాని కంటే మంట పుట్టించిన మాట ఇంకొకటి లేదు. తప్పులు చేసిన ఏడాది రద్దు డైరీ అయినా దక్కింది, తప్పులు ఆపేసిన ఏడాది అదీ లేదు.

పెద్దమ్మ చీటీ తీసుకోలేదు. తన సంచీలోంచి పాత డైరీనీ, దబ్బనాన్నీ, జిగురు డబ్బానూ తీసి అక్కడి బల్ల మీద పెట్టింది. నా వైపు చెయ్యి చాచింది. మిగిలిపోయిన పాత ఫారాల్లోంచి ఒక సెప్టెంబరు తెచ్చి ఉంచమని ఆ పొద్దునే చెప్పింది. ఈసారి నేను కట్ట మీద పేరు మూడుసార్లు చదివి తెచ్చాను. ఆమె అట్ట విప్పింది, దారాలు కోసింది, రెండో ఆగస్టును పట్టుకుని మెల్లగా బయటికి లాగింది. సంతకం ఉన్న పేజీ పైకి వచ్చేలా మడిచి చిన్న ఓనరు చేతిలో పెట్టింది.

“ఇది నీది. ఉంచుకో.”

కుర్చీ ఎక్కాక అతన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు. అతను ఆ ఫారాన్ని చేతిలో పట్టుకుని అందరి మొహాలూ చూశాడు. ఆమె తీరిగ్గా కూర్చుని సెప్టెంబరును దాని చోట పెట్టి కుట్టింది. ముప్పయ్యో తేదీ పేజీలో మళ్లీ అదే లక్ష్యం రాసింది, సంతకం ఎవరినీ అడగలేదు. వీపుకు జిగురు పూసి అట్ట అతికించింది. లేచి వెళ్లి మరలోంచి పూలకుండీ తీసి కింద పెట్టి, డైరీని పలకల మధ్య ఉంచి చక్రం తిప్పింది. బంగారు రంగు పెచ్చులు పెచ్చులుగా నేల మీద రాలింది. పలకలు కలిశాక కూడా ఆపలేదు. గోడకు కాలు తన్నిపెట్టి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించింది. ముప్పై ఒక్క ఏళ్ల కోపం ఆ చక్రం మీద పడటం మేమంతా చూశాం.

జిగురు ఆరాలి, కదపొద్దని చెప్పి, సంచీ భుజాన వేసుకుంది. రేపటి నుంచి రానని కటింగు మర ఆయనతో చెప్పి వెళ్లిపోయింది.

ఆ మర విప్పడం ఎవరి వల్లా కాలేదు. మరచుట్లకు వేసిన రంగు పొరలు పొరలుగా ఇరుక్కుపోయి, చక్రం బిగుసుకుపోయింది. చిన్న ఓనరు తిప్పాడు, అలంకరణ మనిషి వచ్చి తిప్పాడు. మెకానిక్కు వచ్చి చూసి, బలవంతం చేస్తే కడ్డీ విరిగిపోతుందన్నాడు. దాన్ని విప్పే ఒడుపు ఒకటి ఉంది, అది పెద్దమ్మకే తెలుసు. కటింగు మర ఆయనకూ తెలుసని నా అనుమానం, కానీ ఆయన తనకేమీ తెలీదని ప్రమాణం చేశాడు. బంగారు మరలో పాత రద్దు డైరీ ఎందుకు పెట్టారని వచ్చిన ప్రతివాళ్లూ అడిగేవారు. మొదట్లో చిన్న ఓనరు అది అలంకారం అని చెప్పాడు. చెప్పలేక విసిగిపోయి, ఫిబ్రవరి ఆఖర్లో నన్ను పిలిచి, ఆంటీని ఒకసారి వచ్చి విప్పి పొమ్మను, మళ్లీ పనిలోకి కూడా తీసుకుంటానని చెప్పు అన్నాడు.

వెళ్లాను. ముందు గదిలో సుద్ద చదరం మధ్యలో పెదనాన్న తయారుచేసిన నొక్కుడు సామాను ఉంది: రెండు మందపాటి చెక్కలు, నాలుగు మూలలా నాలుగు పొడవాటి బోల్టులు. మరతో పూటలో అయ్యే పని దానితో రెండు రోజులు పడుతుంది. ఒక్కో బోల్టూ రెంచితో బిగించి బిగించి పెద్దమ్మ అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. అయినా గోడ పక్కన బడి రికార్డులు రెండు దొంతరలు కుట్టి ఉన్నాయి. చూస్తే నాకు సంతోషమూ వేసింది, ఆ బొబ్బలు చూసి మళ్లీ ఒళ్లూ మండింది. అతను చెప్పిందంతా చెప్పాను.

ఆమె చేతిలో కుట్టు ముగించింది. దారం పంటితో తెంపి అడిగింది.

“తేదీ ఏమైనా అడిగాడా?”

“అడిగాడు పెద్దమ్మా. ఎప్పుడొస్తావో తేదీ కనుక్కుని రమ్మన్నాడు.”

“రెండో ఆగస్టు ముప్పైన వస్తానని చెప్పు. రాసుకుని సంతకం పెట్టుకోమను.”